మతి ఉన్న మనిషి

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాలుగో ఏడు, భాద్రపదంలో, పెమ్మాడి పోలన్నకి మతి ఉందో లేదో తేల్చడానికి రాజమహేంద్రవరం నించి ఒక డ్రెస్సరు అమలాపురం వచ్చాడు. పెద్దాసుపత్రిలో దొర డాక్టరు కింద కట్లు కట్టి, మందులు కలిపి, నాడి చూసేవాణ్ణి ఆ రోజుల్లో డ్రెస్సరనేవారు. ఈయన పేరు సుందరం నాయుడు. పుట్టింది నెల్లూరు, చదువుకున్నది చెన్నపట్నం. నలభై ఏళ్ళుంటాయి. నల్లకోటు, తెల్ల తలపాగా, చంకలో ఒక రేకుపెట్టె. తాసీల్దారు కచేరీ అరుగు మీద చాప వేయించుకుని ఆయన కూర్చుంటున్న వేళకి, పోలన్న భార్య వీరాయమ్మ తరవాణి అన్నం ముంత నెత్తిన పెట్టుకుని, మెత్తళ్ళ చేపల పులుసు చిప్పలో పట్టుకుని, కచేరీ ఆవరణలోకి వస్తోంది.

మెట్ల దగ్గరే సుబ్బరాజుగారు నిలబడి ఉన్నారు. వైనతేయం పాయ మీద రేవుని కవులుకి తీసుకున్న ఇజారాదారు ఆయనే. పోలన్న నడిపిన పడవ ఆయనది. వీరాయమ్మ గుడిసె ఉన్న పాలెం కూడా ఆయన భూమిలోదే. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"ఇదిగో వీరాయమ్మా. వచ్చినాయన పెద్ద చదువు చదివేరంట. వంద రకాలుగా అడుగుతారు. నువ్వు మాత్రం నెల్లాళ్ళ క్రితం చెప్పినమాటే చెప్పు. అటూ ఇటూ జారకు."

"ఆయ్. అలాగేనండి."

"పిచ్చోడికి శిచ్చుండదు. కంపెనీవాళ్ళ చట్టమే అంత. ఆ కాయితం ఆయన రాసేస్తే నీ మొగుడు నీ కాడికొచ్చేస్తాడు."

వీరాయమ్మ తలూపింది. ఆ ఒక్క మాటకే ఆమె ఇన్నాళ్ళూ నిలబడి ఉంది. నీ కాడికొచ్చేస్తాడు. రోజూ మేనత్త సత్తెమ్మ ఇంటి అరుగు మీద వల ముడులు వేస్తున్నప్పుడూ, సంతలో ఎండుచేపల గంప ముందు కూర్చున్నప్పుడూ ఆ మాటనే నోట్లో ఉప్పుకల్లులా నానబెట్టుకునేది.

ఖైదుకొట్టు కచేరీకి ఉత్తరం వైపు, తాటిదూలాల తలుపుతో, గుమ్మం పక్క ఒక్క ఇనపచువ్వల కిటికీతో ఉంది. పోలన్న లోపల గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె ముంతా చిప్పా కిటికీ కింద సందులోంచి తోసింది. అతను లేచొచ్చి తీసుకున్నాడు. ఆమె మొహంకేసి చూడలేదు. అన్నం కలిపేటప్పుడు చిటికెనవేలు విడిగా పెట్టుకోవడం అతని అలవాటు. ఇప్పుడూ అలాగే పెట్టుకుని, తలొంచుకుని తిన్నాడు. ఖాళీ చిప్ప కడిగి తిరిగి సందులో పెట్టాడు.

"ఉప్పు సరిపోయిందా?" అంది వీరాయమ్మ.

రోజూ ఏదో ఒకటి అడిగేది. రోజూ జవాబు ఉండేది కాదు. మనిషి ఎదురుగా ఉండగా అతని గొంతు కోసం ఇలా వెంపర్లాడవలసి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. పడవ అవతలి ఒడ్డున ఉన్నప్పుడు కూడా అతను ఎవరినో కేకలేస్తుంటే పొయ్యి దగ్గర కూర్చుని వినేది. ఇప్పుడు రెండు మూరల దూరంలో ఉన్నాడు.

"అమ్మా, ఇలా రా" అని డ్రెస్సరు పిలిచాడు.

ఆమె వెళ్ళి అరుగు కింద నిలబడింది. ఆయన రేకుపెట్టె మీద కాగితం పరుచుకుని, కలం ముంచి, ఆమె వాంగ్మూలం ముందు పెట్టుకున్నాడు. శ్రావణ పున్నమికి రెండురోజుల ముందు, రేవులో పెళ్ళివారు ఎక్కిన పడవని, దాన్ని నడిపే పోలన్నే గొడ్డలితో అడుగు చెక్కలు నరికి పాడుచేశాడు. అడ్డొచ్చిన రేవు గుమాస్తా చెయ్యి గొడ్డలి వెనక మడమ తగిలి విరిగింది. పెళ్ళివారికి ముహూర్తం తప్పిపోయింది. ఇంతవరకూ అందరూ చెప్పినదే. ఆ తరవాత భార్య చెప్పినది ఉంది.

"ఏటితో మాట్లాడేవాడన్నావు."

"ఆయ్. మాట్లాడేవోరండి. రోజూనండి."

"ఏమని?"

"ఏమే, ఇయ్యాల కోపంగా ఉన్నావు అనేవోరండి. పడవెక్కేముందు."

"ఇంకా?"

"రేత్రిళ్ళు నిద్దర్లో లేచి కూకునేవోరండి. తనలో తనే నవ్వుకునేవోరండి. ఓసారి అన్నం తినేసి మళ్ళీ తినలేదని పోట్టాడేరండి." చివరి రెండూ ఆమె అప్పటికప్పుడు కల్పించింది. చెబుతుంటే చెవులు వేడెక్కాయి.

"మాట పడిపోయింది ఏనాటినించి?"

"ఆ రోజునించేనండి. పడవ నరికిన రోజునించి."

ఆయన రాసుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. కలం తుడిచి పెట్టాడు. "సరే. ఏడు రోజులుంటాను. నువ్వు రోజూ వచ్చే వేళకే రా" అన్నాడు.

*

పిచ్చి కుదిర్చేవాళ్ళంటే వేపరొట్టతో కొట్టేవాళ్ళూ, కళ్ళలో మిరపకాయ పొగ పెట్టేవాళ్ళే వీరాయమ్మకి తెలుసు. ఈయన అవేమీ చెయ్యలేదు. పొద్దున్నే కొట్టు తలుపు తీయించి పోలన్నని అరుగు మీదికి పిలిపించేవాడు. ఎదురుగా కూర్చుని, జేబు గడియారం ఒక చేత్తో పట్టుకుని నాడి చూసేవాడు. కనురెప్ప ఎత్తి చూసేవాడు. తరవాత ఊరికే కూర్చునేవాడు. అరజాము అలాగే ఇద్దరూ ఎదురెదురుగా. లేచేముందు మాత్రం రోజూ ఒకే ప్రశ్న, ఒకే గొంతుతో అడిగేవాడు.

"పోలన్నా, నీకు మతి లేదంటున్నారు. నిజమేనా?"

పోలన్న ఆవరణలో కోళ్ళకేసి చూస్తూ ఉండిపోయేవాడు.

రెండోరోజు డ్రెస్సరు వీరాయమ్మని, "ఇంట్లో చిరిగిన వల ఏదన్నా ఉందా?" అని అడిగాడు. మూడోరోజు ఆమె తెచ్చింది. పీతలు కొరికి గుమ్మడికాయంత కంత పెట్టిన వల. దాన్నీ, జనపనార ఉండనీ, అల్లే పుల్లనీ పోలన్న ముందు పెట్టి ఆయన దూరంగా జరిగి, ఏదో రాసుకుంటున్నట్టు కూర్చున్నాడు.

చాలాసేపు పోలన్న దాన్ని ముట్టుకోలేదు. తరవాత ఒక కొస ఎత్తి కాలి బొటనవేలికి తగిలించుకున్నాడు. తెగిన వలకళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి, చివికిన దారం కోసేసి, కొత్త దారం ఎక్కించాడు. పుల్ల లోపలికీ బయటికీ పోతోంది. ఎక్కడా ఆగలేదు, ఒక్క ముడీ వెనక్కి విప్పలేదు. పాత కళ్ళ కొలతకీ కొత్త కళ్ళ కొలతకీ వెంట్రుకవాసి తేడా లేదు.

వీరాయమ్మ గోడవార నిలబడి చూస్తోంది. ఆ చేతులు చూసి నెలయింది. మణికట్టు మీద తాళ్ళు ఒరుసుకున్న మచ్చలు, పడవ గెడ పట్టి కాయలు కాసిన అరచేతులు. అంతలోనే గుబులు. పిచ్చివాడు ఇంత సూటిగా ముడులు వేస్తాడా అని ఆయన అనుకుంటే? ఆమె డ్రెస్సరు దగ్గరికి నడిచి, మెల్లిగా అంది.

"అది చేతులకలవాటండి. మతుండక్కర్లేదండి దానికి."

ఆయన తలెత్తి ఆమె మొహం చూశాడు. కోపంగా కాదు. ఏదో చిన్న అక్షరం పోల్చుకుంటున్నట్టు.

"నిజమే అమ్మా" అన్నాడు. "చేతులకి విడిగా జ్ఞాపకం ఉంటుంది."

ఆ సాయంత్రం వల తిరిగి ఇచ్చేసినప్పుడు, ఆమె ఇంటికి పోతూ బాగుచేసినచోట ముడులు వేళ్ళతో లెక్కపెట్టుకుంది. అరవై మూడు. అన్నీ అతను ముట్టుకున్నవి. సత్తెమ్మ చూసి, "దాన్నేం చేసుకుంటావే, సముద్రానికెల్తావా?" అంది. వీరాయమ్మ దాన్ని మడిచి తలకింద పెట్టుకుంది.

నాలుగోరోజు డ్రెస్సరు ఆమెని ఏమీ అడగలేదు. ఠాణా బంట్రోతుని పిలిపించి చాలాసేపు మాట్లాడాడు.

*

అయిదోరోజు వాన. ఆవరణంతా బురద. ఆమె వచ్చేసరికి డ్రెస్సరు అరుగు లోపలివైపు జరిగి కూర్చుని ఉన్నాడు. "పైకి రా, తడుస్తావు" అన్నాడు. ఆమె మెట్టు మీద ఒద్దికగా కూర్చుంది.

"చెన్నపట్నంలో మీవాళ్ళెవరన్నా ఉన్నారా?"

"లేరండి. ఎందుకండి?"

"ఉంటే ఎప్పుడన్నా పోయి చూసొస్తారని."

"ఎవర్నండి?"

ఆయన కలం కింద పెట్టాడు. "నీ భర్తని. మతి లేదని తేలితే శిక్ష ఉండదు, అది నిజమే. కాని వదిలిపెట్టరు. చెన్నపట్నంలో పిచ్చివాళ్ళని ఉంచే ఇల్లొకటుంది. అక్కడికి పంపుతారు. నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఎన్నాళ్ళకండి?" అంది.

"గవర్నమెంటువారి హుకుం అయ్యేదాకా."

"అంటేనండి? ఏడాదాండి? రెండేళ్ళాండి?"

"నాళ్ళు ఉండవమ్మా దానికి. ఖైదుకైతే నాళ్ళుంటాయి." ఆయన గొంతు తగ్గించాడు. "నేను రెండేళ్ళు ఆ ఇంట్లో పనిచేశాను. మచిలీబందరు మనిషొకడు ఉండేవాడు. రోజూ పొద్దున్నే తన పంచె మడతపెట్టి చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడేవాడు, ఇవాళ పంపించేస్తారని. మధ్యాహ్నం దాకా నిలబడి లోపలికి పోయేవాడు. నేను చేరేనాటికే అతనొచ్చి తొమ్మిదేళ్ళయిందన్నారు. నాకు అతనిలో ఏ పిచ్చీ కనపడలేదు. ఒకవేళ వచ్చినప్పుడు ఉండేదేమో."

"మతి ఉందని తేలితేనండి?"

"రాజమహేంద్రవరం జడ్జీ విచారిస్తాడు. పడవ పాడుచేసినందుకూ, చెయ్యి విరిచినందుకూ ఖైదు వేస్తాడు. రోడ్డు పని చేయిస్తారు. ఏడాది, ఏడాదిన్నర. ఆ పైన ఇంటికి."

వాన నీరు చూరునించి ధారకట్టి ఆమె పాదాల మీద పడుతోంది. కాళ్ళు తీసుకోవాలన్న స్పృహ లేదు. సుబ్బరాజుగారు ఆ రోజు గుడిసె ముందు మంచం వేయించుకుని కూర్చుని, పెద్దమనిషి తరహాలో, ఎంత నెమ్మదిగా చెప్పేరు. నీ కాడికొచ్చేస్తాడు. ఆయనకి తెలియదా? తెలుసు. విచారణ జరిగితే పడవలో ఎంతమంది ఎక్కేరన్న మాట వస్తుంది. ఇరవైమందికి మించి ఎక్కించకూడదని కలెక్టరు దొర హుకుం రేవులో తాటిచెట్టుకి అతికించి ఉంది. పిచ్చివాడు నరికేడంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు.

"అయ్యా," అంది. "నేను చెప్పింది అబద్దమండి."

డ్రెస్సరు ఆమె పాత వాంగ్మూలం తీసి ముందు పెట్టుకున్నాడు.

"అన్నం తినేసి పోట్టాడలేదండి. నవ్వుకునేవోరు కాదండి. ఏటితో మాట్లాడ్డం నిజమేనండి గాని, రేవులో పడవోళ్ళందరూ మాట్లాడతారండి. ఆయనకి మతి ఉందండి. నాకంటే ఉందండి. అలాగని రాసేయండి."

"నువ్వు మొన్న లేదంటే లేదని రాయలేదు. ఇవాళ ఉందంటే ఉందని రాయలేను. నా పని అతన్ని తప్పించడమూ కాదు, ఇరికించడమూ కాదు. ఉన్నది రాయడం." ఆయన కాగితాలు తిరగేశాడు. "ఒకటి చెప్పు. పడవ నరికిన రోజే మాట పడిపోయిందన్నావు. బంట్రోతేమో మొదటి నాలుగు రోజులూ బాగానే మాట్లాడేడంటున్నాడు. నీళ్ళడిగాడట. నీ గురించీ అడిగాడట. అయిదోరోజు నించే నోరు మూతపడిందన్నాడు. అయిదోరోజున ఏం జరిగింది?"

వీరాయమ్మ వేళ్ళు మడిచింది. పున్నమి ముందు త్రయోదశి అయితే, పున్నమి దాటి పాడ్యమి, విదియ. ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ రోజే ఆమె వాంగ్మూలం ఇచ్చింది. ఇదే అరుగు మీద. కచేరీ గుమాస్తా ఆమె చెప్పినదంతా రాసుకుని పెద్ద గొంతుతో చదివి వినిపించాడు. 'నా పెనిమిటికి కొంతకాలంగా మతి చలించి యున్నది.' ఆమె కింద నిశానీ గీసింది. పోలన్న చేతులు కట్టేసి ఉండి ఇద్దరు బంట్రోతుల మధ్య నిలబడి ఉన్నాడు. చదవడం అయ్యాక ఆమెకేసి చూశాడు. ఆ చూపుని ఆమె ఇన్నాళ్ళూ పిచ్చిచూపే అనుకుంది. నిజంగానే మతి పోయిందేమోనని కూడా అనుకుంది.

"ఇవాళ పొద్దున్న రోజూ అడిగినట్టే అడిగాను," అన్నాడు డ్రెస్సరు. "నీకు మతి లేదంటున్నారు, నిజమేనా అని. ఒక్క మాట అన్నాడు. పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి లేదంది, ఆవిడకి తెలవదా అండీ, అన్నాడు."

*

ఆమె లేచి వానలో ఖైదుకొట్టు కిటికీ దగ్గరికి నడిచింది. డ్రెస్సరు వెనకే వచ్చి, చూరుకింద ఒక పక్కగా, లోపలికి కనపడకుండా నిలబడ్డాడు. అది ఆయన పనిలో భాగమని ఆమెకి తెలుసు. అయినా ఆమెకి అప్పుడు ఎవరు వింటున్నారన్నది పట్టలేదు.

"ఇదిగో," అంది చువ్వలు పట్టుకుని. "నాకు సెప్పేరు. పిచ్చోడంటే ఇంటికి పంపేస్తారని రాజుగారు సెప్పేరు. అందుకన్నాను. నీకు మతి లేదని నేననుకోలేదు. ఆ రోజు అనుకోలేదు."

పోలన్న గోడకి ఆనుకునే ఉన్నాడు.

"తరవాత అనుకున్నాను," అంది. అబద్ధం చెప్పడానికి ఇంక ఓపిక లేదు. "నువ్వు మాటాడకపోతే నిజమేననుకున్నాను. కడుపు తరుక్కుపోయింది. పిచ్చోడైనా పరవాలేదు, వస్తే చాలనుకున్నాను. ఇప్పుడేమో చెన్నపట్నం పంపేస్తారంట. ఎప్పటికీ పంపరంట. నువ్వు కోప్పడు. తిట్టు. ఏదోటి అను."

వాన సన్నగిల్లింది. ఆమె నుదురు చువ్వలకి ఆనించి కళ్ళు మూసుకుంది.

"తరవాణి పులిసిపోయింది నిన్న," అన్నాడు పోలన్న.

నెల రోజులుగా సరిగ్గా వాడని గొంతు. గరగరమంటూ, ఎవరిదో లాగా ఉంది. ఆమె ఏడవలేదు. గబగబా, "అత్త కుండ మార్చలేదు. రేపు కొత్తది తెస్తాను" అంది.

"ఎంతమందున్నారో సెప్పేరా నీకు? పడవలో?"

"లేదు."

"ముప్పైనాలుగు. నేను లెక్కెట్టేను. పల్లకీ ఒకటి." అతను లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. "పైనించి వరద. కిందనించి సముద్రం పున్నమి పోటు ఎక్కుతోంది. రెండూ మజ్జిలో కొట్టుకుని నీళ్ళు గుండ్రంగా తిరుగుతున్నాయి. రెండు గడియలాగండి, పోటు తీత్తాది, అప్పుడు రెండు దపాలుగా దింపుతానన్నాను. గుమాస్తా ఇనలేదు. ముహూర్తమన్నాడు. నువ్వు కాపోతే ఇంకోడు నడుపుతాడన్నాడు. గెడ దాచేత్తే ఇంకో గెడ తెత్తారు. నేను పారిపోతే ఇంకోణ్ణి ఎక్కిత్తారు. పడవే లేకపోతే ఎవడు నడుపుతాడు? గట్టుకి కట్టి ఉండగానే నరికేను. మోకాలి లోతు నీళ్ళలో. ఒక్కడికి కూడా పంచె తడవడం తప్ప ఏం కాలేదు." అతను ఆగాడు. "గుమాస్తా చెయ్యి మట్టుకు నేను కావాలని కొట్టలేదు. గొడ్డలి లాక్కోబోయేడు."

"అప్పుడే ఎందుకు సెప్పలేదు?"

"సెప్పేను. నాలుగు రోజులు సెప్పేను. ఎవరూ ములగలేదుగా, ములిగేదని నీకెలా తెలుసన్నారు. దానికేం సెప్తాను? అప్పుడు నువ్వొచ్చేవు. నువ్వు నన్నెరిగినదానివి." అతని వేళ్ళు చువ్వమీద ఆమె వేళ్ళకి అంగుళం దూరంలో ఆగాయి. "నువ్వు సెప్పేక నాకే అనుమానమొచ్చింది, వీరాయీ. నీళ్ళు నేననుకున్నట్టే ఉన్నాయా, నాకలా కనపడ్డాయా అని. రోజూ ఇక్కడ కూకుని అదే తిరగేసుకున్నాను."

చూరుకింద డ్రెస్సరు తలపాగా అంచుతో గడియారం అద్దం తుడుచుకుంటున్నాడు. అది తడవలేదు.

*

మర్నాడు ఆమె తాసీల్దారు ఎదుట మాట మార్చింది. సుబ్బరాజుగారు కూడా అక్కడే కుర్చీలో ఉన్నారు. కచేరీలో అబద్ధం చెప్పడం ఆటనుకున్నావా అని తాసీల్దారు గద్దించాడు. ఎవరు చెప్పించారని అడగలేదు. ఆమె తనంతట తనే ఆ పేరు చెప్పింది. గుమాస్తా కలం ఆగింది. తాసీల్దారు చెయ్యి ఊపితే, ఆ ముక్క వదిలేసి మిగతాది రాసుకున్నాడు. అబద్ధపు వాంగ్మూలానికి దండనగా పొద్దుగూకేదాకా ఆవరణలో నిలబెట్టారు. వాన వెలిసి ఎండ చురచురలాడుతోంది. ఖైదుకొట్టు కిటికీలోంచి చూస్తూ పోలన్న ఆ పగలంతా నిలబడే ఉన్నాడు. అది ఆమెకి కనిపించింది.

ఏడోరోజున డ్రెస్సరు తన కాగితం దొర భాషలో రాసి, లక్క వేసి, రేకుపెట్టెలో పెట్టుకున్నాడు. వీరాయమ్మని పిలిచి దాని సారం తెలుగులో చెప్పాడు. ఈ మనిషికి మతి స్థిమితంగా ఉంది. చేసిన పని ఏమిటో తెలిసి, కారణం ఆలోచించుకుని చేశాడు. మాట్లాడకపోవడం రోగం కాదు. పడవలో ముప్పైనాలుగుమంది ఎక్కి ఉన్నారన్నది ఖైదీ చెప్పగా నేను విన్నాను, ఆ సంగతి పెళ్ళివారిని అడిగి తెలుసుకోదగినది.

"ఆ ఆఖరుది నా పని కాదు," అన్నాడు. "అయినా రాశాను. చదువుతారో లేదో చెప్పలేను."

"మీరు ఆయన్ని శిచ్చకి పంపుతున్నారండి," అంది వీరాయమ్మ.

"అవునమ్మా."

ఆమె రెండు చేతులూ ఎత్తి నమస్కరించింది. ఆయన పెట్టె తాళం మరోసారి చూసుకున్నాడు.

పోలన్నని రాజమహేంద్రవరం తీసుకుపోయే రోజున, ఇద్దరు బంట్రోతుల వెనక ఆమె కూడా నడిచింది. ఒక బంట్రోతు వద్దన్నాడు. రెండోవాడు, "గౌతమి దాకా రానీరా, దారి మనదా?" అన్నాడు. కాలవ తవ్వకాల మట్టిదిబ్బల పక్కనించి, కొబ్బరితోటల మధ్యనించి, కొత్తపేట దాకా ఒక పగలు నడక. అతని చేతులకి గొలుసు ఉంది. ఆమె పక్కన నడుస్తూ మాట్లాడిస్తూనే ఉంది. అతను జవాబు చెబుతూనే ఉన్నాడు. ఎండ గురించి, పొలాల్లో కొత్తగా పారుతున్న కాలవనీళ్ళ గురించి, ఎవరో బంధువుల పిల్ల గురించి. ఒక్కొక్క జవాబూ ఆమె దాహంగా విన్నది.

"ఇల్లెలా ఉంది?" అన్నాడు ఒకచోట.

లేదని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. బాగానే ఉందనడం తేలిక. అయినా అలా అనలేదు. "మొన్న కప్పు పీకేయించేరు రాజుగారు. సామాను అత్త పట్టుకొచ్చింది."

అతను పది అడుగులు మాట్లాడకుండా నడిచాడు. ఆ పది అడుగులూ ఆమె లెక్కపెట్టుకుంది.

"సరే. అత్త కాడుండు. నేనొచ్చేక చూద్దాం," అన్నాడు.

తరవాత జడ్జీ పద్నాలుగు నెలలు వేశాడు. పెళ్ళివారిని ఎవరూ అడగలేదు. రేవు సుబ్బరాజుగారి చేతిలోనే ఉండిపోయింది. కాని ఇవన్నీ ఆమెకి ఇంకా తెలియవు. కొత్తపేట చావడిలో తలదాచుకుని, మర్నాడు పొద్దెక్కేవేళకి గౌతమి గట్టు చేరారు. ఏరు నిండుగా, ఎర్రగా ఉంది. పడవ దగ్గర తెల్లటి గడ్డం ముసలాయన ఒకడు గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఇక్కడితో ఆగమన్నారు బంట్రోతులు. పోలన్న వంగి చేతులు ముందుకి చాపి, గొలుసు చప్పుడు కాకుండా, ఆమె చెంప మీద అంటిన దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "ఎండలో నిలబడకు," అన్నాడు. పడవెక్కాడు.

పడవ గట్టు విడిచింది. నడిమికి తిరుగుతుండగా అతను కూర్చున్నచోటినించి ముసలాయనతో ఏదో అన్నాడు, గొలుసు చేతులు ఎత్తి నీళ్ళలో ఒకచోటు చూపించాడు. ముసలాయన గెడ ఆపి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తరవాత పడవ తిప్పాడు. గట్టువారనే చాలా దూరం ఎగువకి పోయి, అప్పుడు అడ్డంగా కోసుకుంటూ అవతలికి చేరాడు. అంత దూరంలో మనుషులు చీమల్లా దిగారు. వారిలో ఎవరు ఎవరో తెలియలేదు.

వీరాయమ్మ కదల్లేదు. పడవ తిరిగొచ్చింది. ముసలాయన తాడు గుంజకి చుడుతూ ఆమెని చూశాడు.

"ఆ గొలుసుల మడిసి నీకేమవుతాడమ్మా?"

"మా ఆయనండి."

"పడవ నడిపే మడిసేనా? రేత్రి ఇసక మేట ఏసింది అక్కడ. నేను సూడలేదు, ఆయన సూసేడు." గెడ దించాడు. "ఏం చేసేడేంటి?"

ఆమె చెప్పింది. వైనతేయం రేవు. శ్రావణ పున్నమికి రెండురోజుల ముందు. ముప్పైనాలుగుమంది, ఒక పల్లకీ.

ముసలాయన తలపాగా విప్పి మెడమీద వేసుకున్నాడు. పోలన్న తప్పు గురించీ, చెయ్యి విరిగిన గుమాస్తా గురించీ ఏమీ అడగలేదు.

"వరద ఏ మాత్రం ఉంది?"

"మా రేవు మెట్లు మూడు ములిగేయండి."

"పోటు ఎక్కుతోందా, తీత్తోందా?"

"ఎక్కుతోందండి. ఇంకా రెండు గడియలుందన్నారు."

ముసలాయన కాసేపు ఏటికేసి చూశాడు, అక్కడ ఆ నీళ్ళూ ఆ పడవా కనిపిస్తున్నట్టు.

"అయితే ఎల్లకూడదమ్మా ఆ పడవ," అన్నాడు.

వీరాయమ్మ గట్టుమీద అలాగే కూలబడింది. నెలన్నరగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముసలాయన గాభరాపడి గెడ పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. ఆమె పైట చెంగు నోట్లోంచి తీసి, మొహం తుడుచుకుని, అతనికేసి తలెత్తింది.

"ఇంకోసారి సెప్పండి బాబూ," అంది.